ఫ్రిస్కోలో ఇంటి నుంచి ఊరగాయలు అమ్మాలంటే ఎవరిని అడగాలి? దేనికి డబ్బు కట్టాలి?

పోయిన నెల మా వీధిలో ఉండే ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఎల్‌ఎల్‌సీ పెట్టించి, ఈఐఎన్ ఇప్పించి, ఫుడ్ లైసెన్సు తెప్పిస్తామని ఒక వెబ్‌సైటు వాళ్లు తొమ్మిది వందల డాలర్లు అడుగుతున్నారు. కట్టేయనా?" అంది. తను అమ్మాలనుకున్నవి నాలుగు రకాల పొడులు, ఆవకాయ, సున్నుండలు. ఆగమన్నాను. వాళ్లు చెప్పిన వాటిలో ఒకటి ఉచితం, ఒకటి అసలు అక్కర్లేదు, ఇంకొకటి ఇప్పుడే అవసరం లేదు.

ఇలాంటి ఫోన్లు నాకు తరచుగా వస్తుంటాయి కాబట్టి, ఇంటి వంటతో చిన్న వ్యాపారం పెట్టాలనుకునే ఫ్రిస్కో వాళ్ల కోసం నాకు తెలిసిందంతా ఒకచోట రాస్తున్నాను. పక్కనున్న ప్లేనో, మెకిన్నీ వాళ్లకూ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

అన్నిటికంటే ముందు వీసా

ఆ అమ్మాయిని నేను అడిగిన మొదటి ప్రశ్న లైసెన్సు గురించి కాదు, "నీకు ఈఏడీ ఉందా?" అని. హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఈఏడీ కార్డు లేకుండా సొంత వ్యాపారం కూడా చేయకూడదు. ఈ కార్డులు 2015 మే నుంచి ఇస్తున్నారు. అవీ అందరికీ రావు. భర్త లేదా భార్యకు ఐ-140 ఆమోదం పొంది ఉండాలి, లేదా హెచ్-1బీ ఆరేళ్లు దాటి పొడిగించి ఉండాలి. స్నేహితులకు ఊరికే ఒక సీసా ఇవ్వడం వేరు, అమ్మడం వేరు. జెల్‌లో డబ్బులు వేయించుకున్నా అది అమ్మకమే. ఇంకో సంగతి. హెచ్-1బీ మీద ఉన్న భర్త తన కంపెనీ పని తప్ప మన వ్యాపారంలో పని చేయడానికి కూడా వీల్లేదు.

మూడేళ్ల కిందట నా కార్డు, ఐ-94 ఒకే రోజున ముగిశాయి. కొత్త కార్డు రాలేదు. సరిగ్గా మామిడికాయల సీజను. ఇరవై రెండు సీసాలకు ఆర్డర్లు తీసుకుని ఉన్నాను. అందరికీ డబ్బు తిప్పి పంపేశాను. "ఎవరు చూస్తారులే" అని ఒకరిద్దరు అన్నారు కానీ, రేపు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మనం. రెన్యువల్ దరఖాస్తు పెట్టుకుంటే పాత కార్డు దానంతటదే కొన్నాళ్లు చెల్లే పద్ధతి కూడా 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన దరఖాస్తులకు తీసేశారు. కాబట్టి కార్డు మీద తేదీ చూసుకుని ఆర్డర్లు తీసుకోండి. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయరును అడగండి. డబ్బు ఖర్చు పెట్టవలసిన చోటు అదే.

కొత్త చట్టంలో ఏముంది?

ఇంటి వంటగదిలో చేసి అమ్ముకునే వాళ్ల కోసం టెక్సాస్‌లో కాటేజ్ ఫుడ్ చట్టం ఉంది. దాన్ని సెనేట్ బిల్లు 541తో బాగా మార్చారు. ఆ మార్పులు 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. అంతకుముందు ఏడాదికి 50,000 డాలర్ల దాకానే అమ్మాలి. ఇప్పుడు 1,50,000 డాలర్లు. దీనికి సిటీ లైసెన్సు, పర్మిట్ ఏమీ అక్కర్లేదు. ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు ఒకటి చేయాలి. అది ఆన్‌లైన్‌లో కొద్ది డాలర్లతో ఒక పూటలో అయిపోతుంది.

ఫ్రిజ్‌లో పెట్టకపోతే పాడైపోయే వాటిని, అంటే రసమలై, వండిన కూరల్లాంటి వాటిని మునుపు అమ్మనిచ్చేవారు కాదు. ఇప్పుడు రాష్ట్ర ఆరోగ్య శాఖ, అంటే డీఎస్‌హెచ్‌ఎస్ దగ్గర నమోదు చేసుకుని అమ్మవచ్చు. కానీ మాంసం, చికెన్, చేపలు, రొయ్యలు, ఐస్‌క్రీములు ఇప్పటికీ కుదరవు. అందుకే చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి అడిగేవాళ్లకు నేను లేదనే చెబుతాను. న్యూజెర్సీలో ఉన్న అక్కకు కొరియర్ చేయమన్నా అంతే. ఈ చట్టం టెక్సాస్ దాటి పనికిరాదు. ఆన్‌లైన్‌లో ఆర్డరు తీసుకున్నా, మనమే తీసుకెళ్లి ఇవ్వాలి.

సిటీ ఒప్పుకున్నా హెచ్‌ఓఏ నిబంధనలు విడిగా ఉంటాయి. రోజూ పది కార్లు ఇంటి ముందు ఆగితే ఫిర్యాదులు వస్తాయి. ముందే ఆ కాగితాలు చదువుకోండి.

ఆవకాయకు ల్యాబ్ టెస్టు ఎందుకు?

"మా అమ్మమ్మ ఏ టెస్టు చేయించింది?" అని చాలామంది నవ్వుతారు. నేను చదివింది మైక్రోబయాలజీ కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను. గాలి తగలని చోట పెరిగే క్లాస్ట్రిడియం బోటులినమ్ అనే బ్యాక్టీరియా ప్రాణాంతకమైన విషాన్ని తయారు చేస్తుంది. నూనె కింద మునిగిన ముక్కకు గాలి తగలదు. అయితే పీహెచ్ 4.6 లేదా అంతకంటే తక్కువగా ఉంటే ఆ బ్యాక్టీరియా పెరగదు. పచ్చి మామిడి, చింతపండు, నిమ్మ, గోంగూర పుల్లగా ఉండటమే మనల్ని తరతరాలుగా కాపాడింది. పులుపు తగ్గించి వెల్లుల్లి ఎక్కువ వేసి, తక్కువ ఉప్పుతో "హెల్దీ" పచ్చడి చేసినప్పుడే ప్రమాదం.

అందుకే పచ్చళ్లకు శాఖ ఆమోదించిన రెసిపీ వాడాలి, లేదా సర్టిఫైడ్ ల్యాబ్‌లో పీహెచ్ పరీక్ష చేయించాలి. ఒక్కో రెసిపీకి ఒకసారి చేయిస్తే సరిపోతుంది, రెసిపీ మార్చకూడదు. ప్రతి విడతకూ ఒక బ్యాచ్ నంబరు వేసి, వివరాలు ఏడాదిపాటు దాచండి. కందిపొడి, కరివేపాకు పొడి లాంటి పొడి సరుకులకు ఈ బాధ లేదు. మొదటిసారి పెట్టేవాళ్లు పొడులతోనే మొదలుపెట్టమని నా సలహా.

సీసా మీద ఏం రాయాలి?

వ్యాపారం పేరు, అడ్రసు, సరుకు పేరు, అలర్జీ కలిగించే పదార్థాలు, ప్రభుత్వ తనిఖీ లేని ఇంట్లో తయారైందని చట్టం చెప్పిన వాక్యం ఉండాలి. ఇంటి అడ్రసు వేయడం ఇష్టం లేకపోతే డీఎస్‌హెచ్‌ఎస్ దగ్గర నమోదు చేసుకుని ఆ నంబరు వేసుకోవచ్చు. మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది నువ్వులు. 2023 జనవరి నుంచి అమెరికాలో నువ్వులు తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థం. ఆవకాయలో మనం పోసేది నువ్వుల నూనే కదా. సున్నుండల్లో నెయ్యి ఉంటే పాలు అని, జీడిపప్పు వేస్తే అదీ రాయాలి.

పేరు, నంబరు, పన్ను

చిన్నగా మొదలుపెట్టడానికి ఎల్‌ఎల్‌సీ తప్పనిసరి కాదు. సొంత పేరు కాకుండా వేరే పేరుతో అమ్మాలంటే కౌంటీ క్లర్క్ దగ్గర డీబీఏ నమోదు చేస్తే చాలు. రుసుము కొద్దిపాటిదే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. మీ ఇల్లు ఏ కౌంటీలోకి వస్తుందో ఆస్తి పన్ను బిల్లులో చూసుకుని వెళ్లండి. లేకపోతే మెకిన్నీ వెళ్లి, అక్కడి నుంచి డెంటన్‌కు తిరగాల్సి వస్తుంది.

తర్వాత ఎల్‌ఎల్‌సీ కావాలనుకుంటే రాష్ట్రానికి కట్టేది 300 డాలర్లు. ఈఐఎన్‌ను ఐఆర్‌ఎస్ సొంత సైట్లో పది నిమిషాల్లో ఉచితంగా ఇస్తారు. ఎల్‌ఎల్‌సీ పెట్టగానే ప్రభుత్వం ముద్రలా కనిపించే ఉత్తరాలు వస్తాయి. పోస్టర్లు కొనాలని, సర్టిఫికెట్‌కు ఫీజు కట్టాలని ఉంటుంది. నాకూ వచ్చాయి. చివర్లో చిన్న అక్షరాల్లో "ఇది ప్రభుత్వ సంస్థ కాదు" అని ఉంటుంది. యజమానుల వివరాలు ఫిన్‌సెన్‌కు పంపాలంటూ డబ్బు అడిగితే కూడా ఇవ్వకండి. 2025 మార్చి నుంచి అమెరికాలో ఏర్పాటైన సంస్థలకు ఆ బాధ్యత లేదు.

ఊరగాయ సీసా, పొడి ప్యాకెట్టు లాంటి కిరాణా సరుకుకు సేల్స్ టాక్స్ లేదు. చీరలు, నగలు అమ్మేవాళ్లు మాత్రం 8.25 శాతం వసూలు చేసి కట్టాలి. దానికి కావలసిన పర్మిట్ రాష్ట్ర కంప్ట్రోలర్ ఉచితంగా ఇస్తారు. రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా ఫెడరల్ పన్ను ఉంటుంది. ఏడాదిలో నికర లాభం 400 డాలర్లు చేరితే 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ మొదలవుతుంది. అందుకే మొదటి రోజు నుంచే ఖర్చుల రసీదులు దాచుకోండి.

ఉచితంగా సలహా ఇచ్చేవాళ్లు

కాలిన్ కాలేజీ ఆధ్వర్యంలో స్మాల్ బిజినెస్ డెవలప్‌మెంట్ సెంటర్ నడుస్తోంది. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఒక సలహాదారు మన లెక్కలు చూసి మాట్లాడతారు, ఫీజు ఉండదు. నేను వెళ్లినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, "మీ ఒక్క సీసాకు ఎంత ఖర్చవుతుంది?" నాకు తెలియదు. ఇంటికొచ్చి మామిడికాయలు, నూనె, సీసా, పెట్రోలు, నా గంటలు కలిపి లెక్క వేస్తే, పన్నెండు డాలర్లకు అమ్మే సీసాకు పదకొండు ఖర్చవుతోంది! ఆ ఒక్క గంటే నా వ్యాపారాన్ని నిలబెట్టింది.

రిటైరైన వ్యాపారులు, మేనేజర్లు సలహాలిచ్చే స్కోర్ సంస్థ కూడా ఉంది. 1964 నుంచి పని చేస్తోంది, మెంటరింగ్ ఉచితం. ఇక ఫ్రిస్కో పబ్లిక్ లైబ్రరీ 2023లో పెద్ద భవనంలోకి మారింది. ఇంట్లో పిల్లల గోల మధ్య కాగితాలు చూసుకోలేకపోతే, అక్కడ కూర్చుని ప్రశాంతంగా పని చేసుకోవచ్చు.

మా వీధి అమ్మాయికి ఇంకా ఈఏడీ రాలేదు. ఆ తొమ్మిది వందలు కట్టలేదు. ఈలోగా ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు పూర్తి చేసింది, ఒక్కో పొడికి ఖర్చు లెక్క రాసుకుంటోంది, లేబుల్ కూడా సిద్ధం చేసుకుంది. కార్డు చేతికి వచ్చిన రోజున మొదటి ఆర్డరు నాదేనని చెప్పి ఉంచాను.