సన్నగానే ఉన్నాం... అయితే?

2004లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో ఒకటి అచ్చయింది. ఒకరు పుణె కేఈఎం ఆసుపత్రిలో మధుమేహం మీద పరిశోధన చేసే చిత్తరంజన్ యాజ్ఞిక్. రెండో ఆయన లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ ఇద్దరిదీ 22.3. ఏ డాక్టరైనా 'మీకేం ఫర్లేదు, వెళ్లండి' అనే అంకె అది. స్కాన్ తీస్తే యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం ఉన్నట్టు తేలింది. అలవాట్లలో తేడా కూడా కారణం కావచ్చంటూ తమ మీద తామే జోకేసుకున్నారు: యుడ్‌కిన్ మారథాన్లు పరిగెడతారు, యాజ్ఞిక్ పరుగంతా పొద్దున్నే ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకోకముందే అందులో దూరడానికట!

'మావారు సన్నగానే ఉంటారండీ, షుగర్ ఎలా వచ్చిందో తెలీదు' అన్న మాట మన ఇళ్లలో ఎంత మామూలో! కాళ్లూ చేతులూ సన్నం, చొక్కా మాత్రం పొట్ట దగ్గర బిగుతు. తూకం మిషన్‌కి కండా కొవ్వూ ఒకటే కాబట్టి ఆ తేడా అది చెప్పదు. అలాగని తప్పంతా బద్ధకానిదే అనడం అన్యాయం. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన శిశువుల్ని ఇంగ్లండ్‌లో పుట్టినవారితో పోల్చి చూసింది యాజ్ఞిక్ బృందమే. మన పిల్లలకు బరువు బాగా తక్కువ, కండ తక్కువ. చర్మం కింది కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. కొవ్వు వైపు ఆ మొగ్గు పుట్టుకతోనే వస్తోందన్నమాట. అలా పుట్టినవాళ్లం రోజంతా కుర్చీలోనే గడిపితే ఏమవుతుందన్నదే అసలు సంగతి.

మూడు వారాల మంచం

1966లో అమెరికాలోని డాలస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లను మూడు వారాల పాటు మంచం దిగనివ్వలేదు. శ్రమపడేటప్పుడు ఒళ్లు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్న కొలత ఆ కాస్త కాలంలోనే నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్లు గడిచాక అదే ఐదుగురినీ మళ్లీ పిలిచి పరీక్షించారు. యాభై దాటారు. సగటు బరువు 77 కిలోల నుంచి 100కి చేరింది, కొవ్వు శాతం రెట్టింపయింది. అయినా ముప్ఫై ఏళ్ల వయసు తీసుకెళ్లిన సత్తువ కంటే మూడు వారాల మంచం తీసుకెళ్లిందే ఎక్కువ! ఆరు నెలలు నడక, మెల్లటి పరుగు, సైకిల్ సాధన చేయిస్తే వయసు వల్ల పోయినదంతా వెనక్కొచ్చింది.

నాకు మాత్రం అంతకంటే కోపెన్‌హాగెన్ ప్రయోగమే ఎక్కువ భయం పుట్టిస్తుంది. అక్కడ ఎవరినీ పడుకోబెట్టలేదు. రోజుకు పదివేల అడుగులకు పైగా నడిచే పదిమంది యువకులను రెండు వారాల పాటు నడక బాగా తగ్గించండి, లిఫ్టెక్కండి, కారెక్కండి అన్నారు. వాళ్ల నడక రోజుకు సుమారు 1,300 అడుగులకు పడిపోయింది. అంటే ఇంటి నుంచి పనిచేసే మన కుర్రాళ్ల మామూలు దినచర్య. రెండు వారాలకే కాళ్లలోని కండ 2.8 శాతం కరిగింది, ఇన్సులిన్ ప్రభావం మందగించింది.

అన్నం తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో ఎక్కువ భాగాన్ని తీసుకోవాల్సింది కండరాలే. మామూలుగా అందుకు ఇన్సులిన్ చెప్పాలి. కండరం పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. భోజనమయ్యాక పది నిమిషాలు నడిస్తే షుగర్ తగ్గేది అందుకే. కండ పుచ్చుకోని చక్కెరను కాలేయం కొవ్వుగా మారుస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందిలో కాలేయానికి కొవ్వు పట్టి ఉంది. 2025లో వెలువడిన లెక్క ఇది.

కండ పంపే కబురు

కండరం ఎముకల్ని కదిలించే యంత్రం మాత్రమే అనుకున్న రోజులు పోయాయి. పనిచేసే కండరం రక్తంలోకి రసాయనాలు వదులుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త బెంటె క్లార్లుండ్ పెడర్సన్ వాటికి 'మయోకైన్లు' అని పేరు పెట్టారు. వాటిలో ఒకటి ఇంటర్‌ల్యూకిన్-6. పొట్ట పెరిగినవాళ్లతో ఆమె బృందం 12 వారాలు సైకిల్ తొక్కించింది. కొందరికి మాత్రం కీళ్లవాతానికి వాడే ఒక మందిచ్చి ఆ రసాయనం పనిచేయకుండా అడ్డుకుంది. సైకిల్ అందరూ తొక్కారు. మందు పుచ్చుకోని వాళ్లకు పేగుల చుట్టూ ఉండే కొవ్వు తగ్గింది, పుచ్చుకున్న వాళ్లకు తగ్గలేదు. 'కేలరీలు కరిగితే కొవ్వు కరుగుతుంది' అన్న జిమ్ లెక్క సగమే నిజమన్నమాట.

మెదడు సంగతికొస్తే, 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్లపై జరిగిన ప్రయోగం పేరుపడింది. వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున ఏడాది నడిచిన వాళ్లలో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టుకున్న వాళ్లలో అది ఒకటిన్నర శాతం దాకా తగ్గింది. తర్వాతి ప్రయోగాలన్నిటిలో ఇంత స్పష్టమైన ఫలితం రాలేదు కాబట్టి, 'నడిస్తే మతిమరుపు రాదు' అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మనక్కర్లేదు. మతిమరుపు ముప్పును పెంచే, మనం మార్చుకోగలిగే కారణాల జాబితాలో కదలకపోవడం ఉందన్నది మాత్రం ఖాయం.

2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో సగం మంది చాలినంతగా కదలడం లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. 'పొద్దున్నుంచీ వంటింట్లో నిలబడే ఉంటున్నాంగా' అంటారు ఆడవాళ్లు. నిలబడితే కాళ్లు లాగుతాయేగానీ కండ పెరగదు. మగవాళ్లకు పార్కు నడక ఉంది. దాని వెంటే టిఫిన్ సెంటర్‌లో నేతి ఇడ్లీ కూడా ఉంటుందనుకోండి! వారానికి 150 నిమిషాల చురుకైన నడకతో పాటు రెండు రోజులు కండకు బలమిచ్చే వ్యాయామం కూడా చేయాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ రెండో సగాన్ని మనం దాదాపు పట్టించుకోం. గుంజీలు, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవడం, నీళ్ల బిందె ఎత్తడం... ఏదైనా సరే, కండ ఆయాసపడాలి.

మరి అరవై దాటినవాళ్లకు 'నాన్నా, మీరు కూర్చోండి, మేం తెస్తాం' అంటూ మనం చేసే మర్యాద? బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 1990 నాటి ప్రయోగం ఈ మర్యాదకు పూర్తిగా ఎదురు నడిచింది. సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. ఆ తర్వాత సాధన ఆపేస్తే, నాలుగు వారాల్లో ఆ బలంలో దాదాపు మూడో వంతు పోయింది.