జాంబీలు వస్తే చేతికేం తీసుకోవాలి?

(ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి)

సంచిక సంపాదకుడు నన్ను మెస్ దగ్గర పట్టుకుని "ఏదైనా సైన్సు వ్యాసం రాసివ్వవోయ్, ఆర్ట్స్ వాళ్ళకి కూడా అర్థం కావాలి" అన్నప్పుడు కిరణజన్య సంయోగక్రియ మీద రాద్దామనుకున్నాను. కాని అది ఏటేటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఇంతలో హాస్టల్లో ఒక రాత్రి జరిగిన తగాదా నాకు వేరే విషయాన్ని అందించింది.

ఆ రాత్రి మా గదిలో ఏడుగురం చేరి 'జాంబీ రెడ్డి' సినిమా చూశాం. ప్రశాంత్ వర్మ తీయగా 2021లో వచ్చిన సినిమా అది. కథ కర్నూలు ప్రాంతంలో నడుస్తుంది. సినిమా అయిపోయాక ఎవడో ఒక ప్రశ్న వేశాడు: "నిజంగానే జాంబీలు మన హాస్టల్ మీద పడితే ఎవరెవరు ఏ ఆయుధం పట్టుకుంటారు?" ఒకడు ఏకే-47 అన్నాడు. ఇంకొకడు జపాను కత్తి అన్నాడు. బి.కాం. మిత్రుడు "నా కాళ్ళే నా ఆయుధం, పరుగో పరుగు" అన్నాడు. నా వంతు వచ్చేసరికి "పంగలకర్ర, పార, ఒక సబ్బు బిళ్ళ" అన్నాను. గది గొల్లుమంది. "జాంబీకి తలంటి పోస్తావట్రా?" అన్నారు. ఆ రాత్రి నేను సమాధానం చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

జాంబీ పుట్టుపూర్వోత్తరాలు

జాంబీ సొంత ఊరు కరిబియన్ సముద్రంలోని హైతీ. ఒకప్పుడు ఆ దేశం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టి తెచ్చి అక్కడి చెరకు తోటల్లో బానిసలుగా పని చేయించారు. ఆ బానిసలే తిరగబడి 1804లో స్వతంత్ర దేశం స్థాపించుకున్నారు. వారి కథల్లో మంత్రగాడు చచ్చినవాణ్ణి లేపి తన పొలంలో రాత్రింబవళ్ళు పని చేయించుకుంటాడు. అలా లేచినవాడే జాంబీ. వాడు ఎవర్నీ కరవడు, పాపం! అక్కడి జనానికి జాంబీ కరుస్తాడని కాదు, తామే జాంబీలైపోతామేమోనని భయం. చచ్చినా చాకిరీ తప్పదేమోనన్న భయమన్నమాట. పొలం పనిలో నడుం విరిగినవాళ్ళకు ఈ భయం విడమరిచి చెప్పక్కర్లేదు.

1968లో జార్జి రొమేరో అనే అమెరికా దర్శకుడు తీసిన సినిమాలో చచ్చినవాళ్ళు లేచి బ్రతికున్నవాళ్ళను పీక్కు తింటారు. కరిస్తే అంటుకుంటుందన్న సంగతి ఆ తరువాతి సినిమాల్లో బాగా స్థిరపడింది. అలా జాంబీ కథ దాస్యం కథ కాస్తా అంటువ్యాధి కథ అయింది.

అంటువ్యాధి అన్నాక శాస్త్రజ్ఞులు ఊరుకుంటారా! 2009లో కెనడాలో కొందరు గణిత పరిశోధకులు జాంబీల వ్యాప్తికి అవకలన సమీకరణాలు రాసి చూశారు. చేతులు ముడుచుకు కూర్చుంటే జనమంతా జాంబీలవుతారనీ, త్వరగా, పదే పదే, గట్టిగా ఎదుర్కొంటేనే మనుషులు మిగులుతారనీ లెక్క తేల్చారు. 2011 మే నెలలో అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ సంస్థ 'జాంబీలకు సిద్ధంగా ఉండండి' అంటూ ఒక వ్యాసమే ప్రకటించింది. తుఫానుకూ భూకంపానికీ సిద్ధపడమంటే జనం చదవరు గాని జాంబీ అంటే చదువుతారని వారి ఎత్తు. నీళ్ళు, తిండి, మందులు, సబ్బు, బట్టలు, కాగితాలు - ఇదీ వారి జాబితా. అందులో తుపాకి లేదు. చాకు ఉంది గాని అదీ పనిముట్ల కిందే.

లెక్క ఎక్కడ తేలుతుంది?

మనం చిన్న లెక్క వేద్దాం. ఊళ్ళో ఒక జాంబీ ఉన్నాడు. ప్రతి జాంబీ రోజుకు ఒకరిని కరుస్తాడనుకుందాం. మొదటి రోజు గడిచేసరికి ఇద్దరు, రెండో రోజుకు నలుగురు, మూడో రోజుకు ఎనిమిదిమంది. పన్నెండో రోజుకు 4,096 మంది. మా ఊరు ఖాళీ. అలాకాక, ఒక్కొక్క జాంబీ తాను పట్టుబడేలోగా సగటున ఒకరికంటే తక్కువమందిని కరిచేట్టు చూడగలిగితే వ్యాధి దానంతటదే ఆరిపోతుంది. నిప్పు పక్కన గడ్డి లేకపోతే ఆరిపోయినట్టే.

అంటే ఆయుధాన్ని ఎంచుకునేటప్పుడు 'ఇది ఎంతమందిని చంపుతుంది?' అని కాదు, 'ఇది ఎన్ని కాట్లు తప్పిస్తుంది?' అని అడగాలి. ఈ గీటురాయి మీద ఒక్కొక్కదాన్నీ గీసి చూద్దాం.

ఆయుధాలు

తుపాకి: 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం దీనికి లైసెన్సు ఉండాలి. జాంబీలు వచ్చిన రోజున లైసెన్సు అడిగేవాడుండడనుకున్నా, తూటాలు చేసిపెట్టేవాడు కూడా ఉండడు. అవి అయిపోగానే అది బరువైన ఇనపకర్ర. పైగా ఒక్కసారి పేలిస్తే నాలుగు వీధుల జాంబీలకూ కబురు పెట్టినట్టే.

గొడ్డలి: కదిలే వస్తువు గతిశక్తి దాని బరువుతో, వేగం వర్గంతో పెరుగుతుందని ఇంటర్‌లోనే చదివాం. కిలోన్నర గొడ్డలిని సెకనుకు 10 మీటర్ల వేగంతో దింపితే 75 జౌళ్ళ శక్తి వస్తుంది. అదంతా సన్నని అంచు మీద పడుతుంది గనక పీడనం విపరీతంగా ఉంటుంది. మొద్దు చీలేది అందుకే. కాని కట్టెలు కొట్టినవాడికి ఇంకో సంగతి తెలుసు. గొడ్డలి దిగబడితే కాలు అడ్డంపెట్టి ఊడబెరకాలి. మొద్దు గనక మనల్ని కరవకుండా ఊరుకుంటుంది! జపాను కత్తిదీ ఇదే కథ, పైగా ఏళ్ళ తరబడి సాధన కావాలి. "అలవాటు లేని పనిముట్టు ముందు మన కాలినే నరుకుతుంది" అంటాడు మా నాన్న.

పంగలకర్ర: ముళ్ళకంప సర్దడానికి వాడే, చివర రెండు పాయలుగా చీలిన పొడుగు కర్ర ఇది. ఆరేడడుగులుంటుంది. జాంబీ మెడను ఆ పంగలో ఇరికించి గోడకు నొక్కితే వాడి పళ్ళకూ మన చర్మానికీ మధ్య ఆ ఆరడుగులూ ఉంటాయి. విషమున్నది వాడి నోట్లో గనక దూరాన్ని మించిన కవచం లేదు. చేతులకు గోనెపట్టా రెండు మడతలు చుట్టుకుంటే మరీ మంచిది. ఇంటిచుట్టూ తుమ్మకంప వేస్తే రాత్రి కాస్త కునుకు కూడా తీయవచ్చు.

పార: ఆయుధంగా దీని అవసరం రోజుకు పది నిమిషాలుంటే ఎక్కువ. మిగతా రోజంతా అది పనిముట్టే. మరుగుగుంట తవ్వాలి, కందకం తీయాలి, చనిపోయినవాళ్ళను పూడ్చిపెట్టాలి. మరుగుగుంట లేకపోతే వారంలో విరేచనాలు పట్టుకుంటాయి. జాంబీకి దొరకనివాళ్ళు కూడా వాటికి దొరుకుతారు.

సరుకులు

మా ఇంట్లో ఐదుగురం. పద్నాలుగు రోజులు తలుపులు వేసుకుని కూర్చోవాలనుకుందాం. తాగడానికీ వంటకూ కాస్త శుభ్రతకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు. మొత్తం 280 లీటర్లు. పశువుల దగ్గరి సిమెంటు తొట్టిని కడిగి నింపి మూతపెడితే సరిపోతుంది. తెర్లు కాగడం మొదలయ్యాక ఒక నిమిషం ఆగి దించి చల్లార్చుకోవాలి.

ఆపద సమయాల్లో మనిషికి రోజుకు 2,100 కేలరీలని లెక్క కడతారు. 100 గ్రాముల బియ్యం సుమారు 350 కేలరీలిస్తాయి. అంటే మనిషికి 600 గ్రాములు, ఐదుగురికి పద్నాలుగు రోజులకు 42 కిలోలు. మా వైపు వడ్ల బస్తా 75 కిలోలు. మర ఆడిస్తే 50 కిలోల దాకా బియ్యం దిగుతాయి. ఒక్క బస్తాతో పని అయిపోయినట్టే! ఈ లెక్క ఇంట్లో చెబితే మా నాయనమ్మ "కరెంటు లేకపోతే మర ఎట్లా ఆడుతుందిరా?" అంది. నిజమే. మూలపడేసిన రోలూ రోకలీ సరుకుల జాబితాలోకి ఎక్కాయి. వట్టి బియ్యంతో ఒళ్ళు నిలవదు గనక కందిపప్పు, వేరుశనగపప్పు, బెల్లం ఉండాలి. పొయ్యి రాజేస్తే పొగ కనబడుతుందనుకున్న రోజుకు అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు.

విరేచనాలకు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు చేస్తుంది. ఇవిగాక అగ్గిపెట్టె, టార్చిలైటు, నాన్న బీపీ మాత్రలు, పట్టాదారు పాసుపుస్తకం.

ఇంకొకటి. విత్తనాల కోసం దాచిన వడ్ల జోలికి పోకూడదు. పదిహేనో రోజున తలుపు తీసి బయటికొచ్చాక మనకు కావలసింది అవే.

మరి సబ్బెందుకు?

కరిస్తే అంటుకుని, మెదడుకెక్కి, మనిషిని మనిషి కాకుండా చేసే జబ్బు సినిమాల్లోనే కాదు, మన ఊళ్ళల్లోనూ ఉంది. అదే రేబిస్. ఈ వైరస్‌ను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే అచ్చం తుపాకిగుండు ఆకారంలో ఉంటుంది. కాటు పడిన చోట నరంలోకి దూరి, రోజుకు ఇన్ని సెంటీమీటర్ల చొప్పున మెల్లగా మెదడు వైపు ప్రయాణం చేస్తుంది. లక్షణాలు సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల్లో కనబడతాయి. కనబడ్డాక బ్రతికినవాళ్ళు దాదాపు లేరు.

నాకు పన్నెండేళ్ళప్పుడు కళ్ళం దగ్గర ఒక కుక్క పిక్క పట్టుకుంది. నాయనమ్మ గాయానికి కారం అద్దబోయింది. మా వీధిలో ఉండే నర్సమ్మగారు పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. బోరు మోటారు వేయించి నా కాలు గొట్టం కింద పెట్టించి, బట్టలసబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి మరీ కడిగారు. ఈ వైరస్ పైపొర కొవ్వుతో ఉంటుంది, సబ్బు ఆ పొరను కరిగిస్తుంది. ఇది నాకు డిగ్రీకి వచ్చాక తెలిసింది. ఆ రోజు తెలిసింది మంట ఒక్కటే. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో గాయం చుట్టూ ఒక మందు, భుజాలకు టీకా వేశారు. మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వెళ్ళాం.

అదే కుక్క అదే వారంలో ఇంకొక పిల్లవాణ్ణి కూడా పట్టుకుంది. నాకంటే రెండేళ్ళు చిన్న. గీరుకుపోయిందంతే అనుకుని ఇంట్లో పసరు కట్టారు. రెండు నెలల తర్వాత వాడు నీళ్ళ గ్లాసు చూసి వణికాడు. నీళ్ళు మింగబోతే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి, అందుకే ఆ భయం. వాణ్ణి మంచానికి కట్టారు. గుమ్మం బయట పెద్దవాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. మా నాన్న కూడా నిలబడ్డాడు. జాంబీ సినిమాల్లో ఇంటి తలుపు దగ్గర మనుషులు ఎలా నిలబడతారో అలాగే. వాడు ఎవర్నీ కరవలేదు. దాహమన్నాడు. మూడో రోజున పోయాడు.

ఆ కర్రలు వాడికి రెండు నెలలు ఆలస్యంగా అందిన ఆయుధాలు. అప్పుడు కావలసింది ఒక సబ్బు బిళ్ళ, ఒక బకెట్టు నీళ్ళు, ఆసుపత్రికి బస్సు ఛార్జీ. 1885లో పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ కుర్రవాడికి మొదటి టీకాలు వేసిన నాటి నుంచీ ఈ జబ్బుకు దారి తెలుసు. మా ఊళ్ళో తెలియవలసినవాళ్ళకు తెలియలేదు, అంతే.

అందుచేత మిత్రులారా, నా జాబితా మారలేదు. పంగలకర్ర, పార, సబ్బు. జాంబీలు రాకపోతే మొదటి రెండూ మా నాన్నకు పనికొస్తాయి. మూడోది మాత్రం ఇప్పుడే కావాలి. మన హాస్టల్ మెస్ వెనక ఎంగిలాకుల దగ్గర కుక్కలెన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు. అక్కడున్న కుళాయి దగ్గర సబ్బు లేదు. వచ్చే ఏడాది యూనియన్‌వారు తమ బడ్జెట్టులో తక్కిన ఖర్చుల సంగతి ఎలా ఉన్నా ఒక సబ్బుపెట్టె పెట్టించాలనీ, దాని పైన 'కరిస్తే ముందు ఇక్కడ 15 నిమిషాలు, ఆ వెంటనే ఆసుపత్రి' అని పెయింటుతో రాయించాలనీ కోరుతున్నాను. రాసే పని నేను చేసిపెడతాను.