రెండు గొట్టాలు - ఒకే గురి

ఆలూరు వైపు జొన్నచేలు కంకిమీద ఉన్నప్పుడు మంచె ఎక్కి, వడిసెల తిప్పి పిట్టలను తోలడం మీరు చూసి ఉంటారు. లేదా తాతల నోట విని ఉంటారు. వడిసెలకు ఇంచుమించు ఒకే బరువున్న రాళ్ళయితేనే గురి కుదురుతుంది. ఎందుకు? రాయి బరువు మారితే వేగం మారుతుంది. వేగం మారితే అది పడే చోటు కూడా మారుతుంది.

ఒకప్పుడు పులుల వేటగాళ్ళకు ఈ చిన్న విషయమే ప్రాణాలమీదికి తెచ్చేది. వారు పక్కపక్కనే రెండు గొట్టాలున్న రైఫిలు వాడేవారు. మొదటి గుండు తప్పితే రెండవది వెంటనే సిద్ధం! అయితే రెండు గుండ్లూ ఒకేచోట తగలాలి. లేకపోతే గాయపడిన పులి మీదికి దూకుతుంది.

రెండు గొట్టాలనూ సమాంతరంగా బిగిస్తే సరిపోదా? సరిపోదు. గుండు ముందుకు పోతుంటే తుపాకీ వెనక్కు తన్నుతుంది. ఇది న్యూటన్ మూడవ గమననియమం. కుడిగొట్టం తుపాకీ నడిమిరేఖకు కుడివైపున ఉంటుంది గదా! అది పేలినప్పుడు తుపాకీ మూతి పైకి, కుడికి తిరుగుతుంది. ఎడమగొట్టం పేలితే పైకి, ఎడమకు తిరుగుతుంది. గుండు గొట్టంలో ఉండేది ఒకటి రెండు మిల్లీసెకన్లే. అయినా ఆపాటికే మూతి కొద్దిగా కదులుతుంది. అందుకే తయారీదారు గొట్టాల మూతులను ఒకదానివైపు ఒకటి కాస్త వంచి, కాల్చి చూసి, సరిదిద్ది అతికిస్తాడు.

ఈ సర్దుబాటు ఒక రకం తూటాకే పనికివస్తుంది. తూటాలో మందు తగ్గితే గుండు నెమ్మదిగా పోతుంది. మూతి ఎక్కువ తిరుగుతుంది. దెబ్బలు ఎడంగా పడతాయి. మందు పెరిగితే కుడిగుండు ఎడమకు, ఎడమగుండు కుడికి దాటిపోతాయి.

దీనికి ఎండ కూడా తోడయింది. 1889లో బ్రిటన్‌లో కనిపెట్టిన కార్డైట్ మందు వేడెక్కితే ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది. అందుకే మనవంటి ఉష్ణదేశాలకు పంపే కొన్ని తూటాలలో మందు తగ్గించి నింపేవారు. సొంతంగా తూటాలు నింపుకొనేవారైతే మందు మార్చిన ప్రతిసారీ పరీక్ష చేయవలసిందే. ఒక్కొక్క గొట్టంతో విడివిడిగా అనేక గుండ్లు కాల్చి, కాగితంమీద పడిన రంధ్రాలను కొలిచేవారు. ఒక్క రంధ్రం ఏమీ చెప్పదు, గుంపే చెబుతుంది.

తుపాకీ లేకుండానే ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. మందు, తూటాల జోలికి మాత్రం పోవద్దు. అది ప్రమాదం, నేరం కూడా. గోడమీద సుద్దతో నిలువుగీత గీయండి. తడిగుడ్డ ఉండను 5 మీటర్ల నుంచి కుడిచేత్తో 5 సార్లు, ఎడమచేత్తో 5 సార్లు విసరండి. తడిమచ్చ గీతకు కుడివైపు పడితే ధనం, ఎడమవైపు పడితే ఋణం. ఉదాహరణకు, సెంటీమీటర్లలో:

కుడిచేయి: +12, +15, +9, +14, +10. సగటు +12.
ఎడమచేయి: -30, +25, -5, +20, -10. సగటు 0.

ఎడమచేతి సగటు సరిగ్గా గీతమీదే ఉంది! మరి ఆ చేయే మేలైనదా? కాదు. దాని దెబ్బలు చెదిరిపోయాయి. ఏది ఎక్కడ పడుతుందో చెప్పలేం. కుడిచేతి దెబ్బలు పక్కకు పోయినా గుంపుగా ఉన్నాయి. గురిని 12 సెంటీమీటర్లు ఎడమకు జరిపితే చాలు. పక్కకు పోవడం వేరు, చెదరడం వేరు అన్నమాట. ఇప్పుడు ఉండ బరువొక్కటే మార్చి మళ్ళీ విసిరి చూడండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తేలదు.

మనదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట కాలం ముగిసింది. కాని ఈ పరీక్ష మిగిలింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కాంస్యపతకం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 10 పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. ఇటువంటి పోటీలకు గుండ్లను ఎంచుకొనేవారు రైఫిలును బిగించి, వరసగా కాల్చి, ఏ గుండ్లు దగ్గరదగ్గరగా పడుతున్నాయో చూస్తారు.

ఈసారి మీ ప్రయోగం ఒక్కసారికే సరిగ్గా వస్తే సంబరపడకండి. మళ్ళీ చేయండి!