ఒవెన్ ఎందుకు మాడ్చింది?

తలుపులలో మా ఇంట మే నెలలో కేకు పైన మాడి, లోపల పచ్చిగా మిగిలింది. మెకానిక్ బోర్డే మార్చాలన్నాడు. అంత ఖర్చు మాకు భారం. ముందు సెన్సర్‌ను పరీక్షించాము.

ప్లగ్గు తీసి, ఒవెన్ పూర్తిగా చల్లారాక, సెన్సర్ వైర్లు విడదీసి మల్టీమీటరు పెట్టాము. మాది ప్లాటినం సెన్సర్. సున్నా డిగ్రీల వద్ద 1,000 ఓములు చూపుతుంది. వేడి పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. ఆనాటి 40 డిగ్రీలకు సుమారు 1,155 రావాలి. వచ్చింది 1,010! మండుటెండలో మూడు డిగ్రీల చలి అంటోందన్నమాట. అది నమ్మి ఒవెన్ అతిగా కాగుతోంది.

సెన్సర్ ఒక్కటే మార్చాము, కేకు చక్కగా పొంగింది. సోదరీమణులారా, సెన్సర్లలో రకాలున్నాయి. మీ ఒవెన్‌తో వచ్చిన పుస్తకంలో అంకె చూసుకోండి. బోర్డు కొనడం ఆ తరువాతి మాట.