కుట్టులేని గొట్టము

పడుగు నిలువు, పేక అడ్డము. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులోగాని, కడప జిల్లా మాధవరములోగాని నేతవారి పిల్లలకిది తెలిసినదే. పడుగును రెండు పొరలుగా నిలిపి, ఒకే నాడెను పైపొరలో పోనిచ్చి క్రిందిపొరలో మరలించినచో, రెండంచులును కలిసి గుడ్డ గొట్టమగును. కుట్టు లేదు గనుక ఒత్తిడికి విచ్చిపోవు చోటు లేదు. నిప్పునార్పువారి నీటిగొట్టమునకు ఇట్టి నేతయే కవచము.

1950 దశకమున అమెరికా వైద్యుడు డిబేకీ డేక్రాన్ గుడ్డను కుట్టుమిషనుపై గొట్టముగా కుట్టి, చెడిన రక్తనాళమునకు బదులుగా అమర్చెను. తరువాత కుట్టులేని నేతగొట్టములు వచ్చినవి.

1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరున చేనేత సహకార సంఘమును స్థాపించినది నేతగాని కూటికొరకు. కూడుపెట్టు పడుగుపేకలే వైద్యుని చేత ప్రాణమును నిలుపుచున్నవి. మగ్గము పాతబడినదనువారు ఈ సంగతి తలపవలెను.