తొలిచిన కొయ్యలో పలికే తీగ

వీణ పేరు వినగానే తెలుగువారికి బొబ్బిలి స్ఫురిస్తుంది. బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా పనసకొయ్యను తొలిచి వీణలు చేస్తున్నారు. కుండ, దండి మొదలైన అంగాలు ఒకే మ్రాను నుండి వెలువడితే దానిని ఏకాండ వీణ అంటారు. ఈనాడు యువజనుల చేతులలో తరచుగా కనిపించే విద్యుత్ గిటారు కూడ తొలిచిన కొయ్యయే. కాని ఈ రెండింటిని తొలిచే ప్రయోజనాలు వేరు.

వీణకుండను తొలచడం నాదం కోసం. తీగ తనంతట తాను కదల్చగల గాలి స్వల్పం. దాని కంపనం గుర్రం మీదుగా పైపలకకు, కుండలోని గాలికి సంక్రమించినప్పుడే చెవికి నిండుగా వినిపిస్తుంది. అందుచేత పనివాడు బాడిశతోను, ఉలితోను లోపలి కొయ్యను తీసి కుండ గోడను పలుచన చేస్తాడు. గోడ మందమైతే నాదం అణగిపోతుంది. మరీ పలుచనైతే కొయ్య పగులుతుంది.

విద్యుత్ గిటారులో ఈ పనిని గాలి చేయదు, అయస్కాంతం చేస్తుంది. సన్నని రాగితీగ చుట్టిన అయస్కాంతాన్ని ఉక్కుతీగల క్రింద అమరుస్తారు. దానిని పికప్ అంటారు. తీగ కంపించగానే అయస్కాంత క్షేత్రం మారి, రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయరు దానిని పెంచుతుంది. ఇక బోలు పెట్టెతో పని ఏమి? పైగా దానివల్ల చిక్కు కూడ ఉన్నది. లౌడ్‌స్పీకరు ధ్వని బోలు పెట్టెను కదిలిస్తే తీగ మళ్లీ కదులుతుంది. ఆ వలయం పెరిగి పెద్ద ఊళ అవుతుంది. గట్టికొయ్యలో ఈ బాధ తక్కువ. 1950లో అమెరికాలో లియో ఫెండర్ సంస్థ విడుదల చేసిన గట్టికొయ్య గిటారుకు పెట్టిన పేరు బ్రాడ్‌కాస్టర్, అనగా రేడియో ప్రసారకుడు. 1951లో ఆ పేరు టెలికాస్టర్‌గా మారింది.

ఇబ్రహీంపట్నంలో తలుపుల అంచులు తీర్చే వడ్రంగి చేతిలోని రౌటరు గిటారు కర్మాగారంలోను ముఖ్యమైన పనిముట్టే. బాగా ఆరిన యాష్, ఆల్డర్ వంటి కొయ్యల ముక్కలను జిగురుతో అతికి, సుమారు 45 మిల్లీమీటర్ల మందం గల పలకను సిద్ధం చేస్తారు. దానిపై అచ్చును బిగిస్తారు. నిమిషానికి పదివేలకు పైగా చుట్లు తిరిగే కోతముక్క అచ్చు అంచు వెంబడి నడిచి, ఆకారాన్ని కోస్తుంది. పికప్‌లకు, మీటలకు, మెడకు వేర్వేరు గుంటలు తీస్తారు. లోతంతా ఒకేసారి తీయరు. అలా చేస్తే కొయ్య పొగచూరుతుంది, పోగులు చిట్లుతాయి. పొర తరువాత పొరగా తీస్తారు. నేడు పెద్ద కర్మాగారాలలో కంప్యూటరు ఈ కోతను నడుపుతున్నది.

అన్నిటిలోను మెడ గుంట ప్రధానమైనది. అది కొంచెం వదులైతే మెడ కదులుతుంది. కొంచెం ప్రక్కకు ఒరిగితే చివరి తీగ మెడ అంచు దాటి జారుతుంది. తీగలను మోసే వంతెన స్థానం తప్పితే ఏ మెట్టుపైనా స్వరం నిలువదు. గుంటలు తీసిన పిదప నునుపు చేసి, రంగు వేసి ఆరబెడతారు. ఫెండర్ పద్ధతిలో మెడను నాలుగు మరలతో బిగిస్తారు. గిబ్సన్ పద్ధతిలో జిగురుతో అతుకుతారు. చివరకు పికప్‌లను, తంతులను కలిపి, తీగలు ఎక్కించి, శ్రుతి చూస్తారు.

గిటారు మెడ పాడైతే మరొకటి బిగించవచ్చును. ఏకాండ వీణలో దండి పగిలితే మార్చడానికి వేరే దండి లేదు. ప్రతి మ్రానుకు పోగుల నడక వేరు కనుక కోతను అచ్చుకు పూర్తిగా అప్పగించలేము. తరువాత ఇరవైనాలుగు మెట్లను మైనంలో నిలిపి మేళం కట్టడం చెవి చేయవలసిన పని. ముదిరిన పనసమ్రాను దొరకడం, ఆ చెవిగల వారసుడు దొరకడం, ఈ రెండింటిపైనే బొబ్బిలి వీణ భవిష్యత్తు ఆధారపడి ఉన్నది. యంత్రం మొరటుకోతలో పనివాని భుజానికి విశ్రాంతి నీయవచ్చును. గోడను వ్రేలితో తట్టి, ఇక చాలునని ఉలిని ఆపే వివేకం మాత్రం మనిషి నేర్వవలసినదే. అది నేర్చుకొన్నవారికి తగిన జీవనం లభించాలంటే కొత్త వీణలు కొనేవారు, వాయించేవారు ఉండాలి.