కుట్టే చీమ, చిమ్మే చీమ

శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదని సామెత. అదే చీమను గూర్చి మనం "కరిచింది" అని కూడ అంటాము. ఈ రెండు మాటలలో ఏది ఒప్పు అని ఎవరైనా అడిగితే, ఏ చీమ అని ఎదురు ప్రశ్న వేయవలసి వస్తుంది.

సంగారెడ్డి నుండి పటాన్‌చెరు వరకు ముంబయి రహదారి వెంట చేలూ కర్మాగారాలూ కలిసిపోయి ఉంటవి. ఇక్కడ రెండు రకాల చీమలు తరచుగా మన కాళ్ళకు అడ్డం వస్తవి. ఒకటి తుమ్మల మీద, వేపల మొదళ్ళలో తిరిగే పెద్ద నల్లని గండుచీమ. రెండవది చేనిగట్లలో, ప్రహరీగోడల అడుగున మట్టిని గుల్లచేసి కాపురముండే ఎర్రచీమ. ఈ రెండవది మనది కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం దాని పుట్టిల్లు. 16వ శతాబ్దంలో స్పానిష్ ఓడల సరుకుతో అకాపుల్కో నుండి మనీలా చేరి, అక్కడ నుండి ఇతర దేశాలకు వ్యాపించినదని జన్యుపరిశీలనల వల్ల తేలింది.

ఈ రెండింటికీ మన ఇండ్లలో మందు ఒకటే: సున్నం. అది ఎంతవరకు సబబో విషగ్రంథి నిర్మాణం చూస్తేగాని తెలియదు.

చీమ కొండి పూర్వం గ్రుడ్లు పెట్టడానికి ఏర్పడిన గొట్టం, కాలక్రమాన ఆయుధమయింది. అందుచేతనే అది ఆడవాటికి మాత్రమే, అనగా రాణికీ శ్రామిక చీమలకూ ఉంటుంది. తొలకరి తరువాత దీపాల చుట్టూ ముసిరే రెక్కల చీమలలో మగవి ఎవరినీ కుట్టలేవు. (ఉసిళ్ళ సంగతి వేరు, అవి చెదపురుగులు, చీమలే కావు.)

ఎర్రచీమ ఉదరపు కొనను సూక్ష్మదర్శిని క్రింద విప్పి చూస్తే దారపు పోగులవంటి రెండు నాళాలు కనిపిస్తవి. విషం తయారయ్యేది వీటి గోడలలోని కణాలలోనే. నాళాలు రెండూ ఒక తిత్తిలోనికి చొచ్చుకొనిపోయి, అక్కడ కలిసి, చుట్టలు తిరిగిన గ్రంథిగా మారుతవి. విషం ఆ తిత్తిలో నిలువ ఉండి, సన్నని కాలువ గుండా కొండి మొదటికి చేరుతుంది. ప్రక్కనే మరొక చిన్న గ్రంథి ఉన్నది. దానికి లియోన్ డుఫూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేరు పెట్టారు. తిండి దొరికిన చోటు నుండి పుట్టకు తిరిగి వచ్చేటప్పుడు చీమ కొండిని నేలకు తాకిస్తూ గీసే వాసన దారికి ఈ గ్రంథి ద్రవమే సిరా. దీని దగ్గరి బంధువైన జాతిలో ఈ సంగతిని 1959లో ఎడ్వర్డ్ విల్సన్ నిరూపించాడు.

కుట్టేటప్పుడు ఎర్రచీమ ముందు దవడలతో చర్మాన్ని పట్టుకొని, ఆ పట్టు ఆధారంగా నడుము వంచి కొండి దించుతుంది. ఒక్కసారితో ఊరుకోదు. కాబట్టి అది కరుస్తుంది, కుడుతుంది కూడ. మంట పెట్టేది మాత్రం కుట్టడమే.

గండుచీమకు కొండి క్షీణించిపోయింది. విషగ్రంథి పోలేదు సరికదా, తిత్తి మరింత పెద్దదయింది. గ్రంథి చుట్టలు ఇక్కడ తిత్తిపై దిండువలె పరచుకొని ఉంటవి. ఈ రెండు నమూనాల తేడాను 1878లోనే స్విట్జర్లాండుకు చెందిన అగస్ట్ ఫోరెల్ వివరించాడు. తిత్తి కండరాలు బిగిసినప్పుడు ఉదరం కొననున్న గుండ్రని రంధ్రం నుండి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. దవడలతో గాటుపెట్టి, ఆ గాటుమీద ఆమ్లం చల్లుతుంది. "కరిచింది" అన్న మాట దీనికే తగినది. లాటిన్ భాషలో ఫార్మికా అంటే చీమ. ఆమ్లానికి ఆ పేరు అందువల్లనే వచ్చింది.

ఈ వర్గపు కొన్ని జాతులలో ఆ ఆమ్లపు గాఢత 60 శాతం దాకా ఉంటుంది. అంతటి ద్రవాన్ని కడుపులో మోస్తూ చీమ ఎట్లా బ్రతుకుతుంది? తిత్తి లోపలి గోడకు చీమ పైపెంకు పదార్థమే పొరగా ఉన్నది. ఆమ్లం చేసే కణాలకు కూడ అటువంటి పొర గల సూక్ష్మనాళాలున్నవి. తయారైనది తయారైనట్టు బయటికి పంపుతవి. ఆమ్లపు పీపాల నడుమ పనిచేసే పటాన్‌చెరు కార్మికునికి ఈ ఏర్పాటు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. కర్మాగారాల మురుగునీటి కాలుష్యంపై వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన ప్రాంతమిది.

ఇక సున్నం మాట. గండుచీమ ఆమ్లం చాలవరకు చర్మంమీదనే ఉంటుంది. క్షారమైన సున్నం దానిని విరుస్తుందనడంలో కొంత తర్కం ఉన్నది. కాని నీళ్ళతో కడిగినా ఆ పని అవుతుంది. సున్నమైతే తానే చర్మాన్ని పొక్కిస్తుంది. ఎర్రచీమ విషంలో అత్యధిక భాగం పైపెరిడిన్ వర్గపు ఆల్కలాయిడ్లు, అంటే స్వభావం చేత అవే క్షారాలు. క్షారానికి క్షారం పూసి ప్రయోజనమేమి? పైగా విషం అప్పటికే చర్మం క్రిందికి దిగి ఉంటుంది. నేనూ చిన్ననాట సున్నం పూయించుకొన్నవాడనే. మంట తగ్గింది, పూయకపోయినా తగ్గేదే.

ఆ విషంలో కొద్దిపాటి ప్రోటీన్లు కూడ ఉన్నవి. అరుదుగానైనా ప్రాణం మీదికి తెచ్చేవి ఇవే. ఒకసారి కుట్టించుకొన్న శరీరం వీటిని గుర్తుంచుకొని, మరొకసారి అతిగా ప్రతిఘటించవచ్చు. రాత్రి షిఫ్టు దిగివచ్చి నేలమీదనే నడుము వాల్చేవారూ, చేనిగట్టున బిడ్డను పడుకోబెట్టి కలుపుతీసే తల్లులూ ఇది తెలిసి ఉండాలి. కుట్టినచోట దద్దు, దురద సహజం. చన్నీటి గుడ్డ వేస్తే చాలు, పొక్కు లేస్తే చిదమరాదు. కాని ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదవులూ నాలుకా వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా సున్నపుకాయ వెదుకుతూ కూర్చోరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోయి, ఎర్రచీమలు కుట్టినవని వైద్యునితో చెప్పాలి. అప్పుడు కావలసినది ఎడ్రినలిన్ సూదిమందు, అదీ నిమిషాలలో.